ఏఐ ఏజెంట్ తప్పు యూజర్‌ను తెస్తోందా? ముందు టూల్ వివరణ చూడండి

క్లౌడ్ అకౌంట్లు చూసుకునే ఏజెంట్ పొరపాటు చేస్తే అందరి అనుమానమూ మోడల్ మీదకే పోతుంది. మోడల్ మార్చే ముందు యూజర్‌ను వెతికే టూల్‌కి (ఏజెంట్ పిలిచే ఫంక్షన్‌కి) రాసిన వివరణ ఒకసారి చదవండి. మనిషైతే అర్థం కానిది పక్కవాళ్లని అడుగుతాడు. ఏజెంట్‌కి ఆ వివరణ, పారామీటర్ల స్కీమా (ఏ ఇన్‌పుట్‌లు ఇవ్వాలో చెప్పే నిర్మాణం), తిరిగొచ్చిన జవాబు తప్ప వేరే ఆధారం ఉండదు. ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా ఏడబ్ల్యూఎస్ ఐఏఎంవి, అంటే అమెజాన్ క్లౌడ్‌లో యూజర్లనీ అనుమతులనీ నిర్వహించే సేవవి.

సమస్య: ఒకరి గురించి అడిగితే ఇంకొకరి వివరాలు వస్తున్నాయి, ఎర్రర్ మాత్రం లేదు

ఒక యూజర్ వివరాలు తెచ్చే గెట్‌యూజర్ కాల్‌కి యూజర్ పేరు తప్పనిసరి కాదు. పేరు ఇవ్వకపోతే, ఏ యాక్సెస్ కీతో (పాస్‌వర్డ్ బదులు ప్రోగ్రామ్‌లు వాడే కీతో) కాల్ వెళ్లిందో ఆ యూజర్ వివరాలే వస్తాయి. అంటే ఏజెంట్ తన సొంత వివరాలు చదువుకుని, అవి మీరు అడిగిన మనిషివే అనుకుంటుంది. అదే ఏజెంట్ రోల్‌తో (యూజర్‌గా కాక, తాత్కాలికంగా తీసుకున్న అనుమతులతో) నడుస్తుంటే పేరు ఇవ్వమని ఎర్రర్ వస్తుంది. ఒకచోట పనిచేసిన టూల్ మరోచోట ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం.

పరిష్కారం: మీ టూల్ స్కీమాలో పేరును తప్పనిసరి చేయండి. "నేను ఎవరిగా లాగిన్ అయ్యాను" అన్న ప్రశ్నకు గెట్‌కాలర్‌ఐడెంటిటీతో వేరే టూల్ పెట్టండి. జవాబులో ఏ పేరు కోసం వెతికారో కూడా తిరిగి పంపండి.

సమస్య: ఉన్న యూజర్‌ను "లేరు" అంటోంది

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. లేరనుకున్న ఏజెంట్ కొత్త యూజర్‌ను సృష్టించవచ్చు, లేదా వెళ్లిపోయిన ఉద్యోగికి యాక్సెస్ ఏమీ మిగల్లేదని రిపోర్ట్ రాసేయవచ్చు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి.

మొదటిది పేజీలు. యూజర్ల జాబితా ఇచ్చే లిస్ట్‌యూజర్స్ మామూలుగా ఒకసారికి 100 మంది వరకే ఇస్తుంది. ఇంకా యూజర్లు ఉన్నా అంతకంటే తక్కువ మందిని పంపి ఆపే అవకాశం కూడా ఉంది. కాబట్టి వచ్చిన సంఖ్యను కాదు, ఇంకా మిగిలి ఉన్నారో లేదో చెప్పే ఇజ్‌ట్రంకేటెడ్ ఫీల్డ్‌ను చూడాలి. రెండోది, వెతికే చోటే వేరు కావడం. ఐడెంటిటీ సెంటర్‌లోని (ఉద్యోగుల లాగిన్‌లకు ఏడబ్ల్యూఎస్ ఇచ్చే వేరే సేవలోని) యూజర్లు ఐఏఎం లిస్ట్‌లో రారు, రూట్ యూజర్ (అకౌంట్ యజమాని లాగిన్) కూడా రాడు. మూడోది పర్మిషన్. యాక్సెస్ డినైడ్ వచ్చినప్పుడు మన కోడ్ దాన్ని మింగేసి ఖాళీ లిస్ట్ పంపితే, "చూడనివ్వలేదు" కాస్తా "లేరు" అయిపోతుంది. ఇక అప్పుడే సృష్టించిన యూజర్ అయితే, మార్పు అన్నిచోట్లకీ చేరడానికి కాస్త సమయం పట్టవచ్చు.

పరిష్కారం: పేజీలన్నీ తిరిగే పని ఏజెంట్‌కి వదలకండి, టూల్ లోపలే చేయండి. "మొత్తం వెతికాం, దొరకలేదు", "చూసే అనుమతి లేదు", "వెతకడం పూర్తి కాలేదు" అనే మూడు జవాబులూ విడివిడిగా రావాలి. ఎంసీపీ (ఏజెంట్లకు టూల్స్‌ను కలిపే ప్రోటోకాల్) వాడుతుంటే, ఇలాంటి వైఫల్యాన్ని టూల్ ఫలితంలోనే ఇజ్‌ఎర్రర్ జెండాతో పంపండి, అప్పుడు మోడల్‌కి కారణం కనబడుతుంది. వివరణలో ఇలా రాయవచ్చు:

"ఈ టూల్ ఒక అకౌంట్‌లోని ఐఏఎం యూజర్లను మాత్రమే వెతుకుతుంది. రూట్ యూజర్, ఐడెంటిటీ సెంటర్ యూజర్లు ఇందులో ఉండరు. దొరకలేదంటే సంస్థలో ఆ మనిషి లేరని అర్థం కాదు."

ఆ చివరి వాక్యం అనవసరంగా అనిపించినా తీసేయకండి.

సమస్య: రోజూ వాడుతున్న అకౌంట్‌ను "వాడకంలో లేదు, తీసేయొచ్చు" అంటోంది

పాస్‌వర్డ్‌లాస్ట్‌యూజ్డ్ (పాస్‌వర్డ్ చివరిసారి వాడిన సమయం చూపే ఫీల్డ్) ఖాళీగా ఉందంటే అసలు పాస్‌వర్డే లేకపోవచ్చు, ఉన్నా ఎప్పుడూ వాడకపోవచ్చు, లేదా ఏడబ్ల్యూఎస్ ఈ వివరం నమోదు చేయడం మొదలుపెట్టిన 2014 అక్టోబర్ 20 తర్వాత వాడకపోవచ్చు. యాక్సెస్ కీ వాడకం ఇందులో లెక్కకే రాదు. రాత్రీ పగలూ బ్యాకప్‌లు తీసే యూజర్ కూడా ఈ ఫీల్డ్ ప్రకారం నిద్రపోతున్నట్టే.

పరిష్కారం: ఖాళీకి ఉన్న ఈ అర్థాలన్నీ వివరణలో రాయండి. గెట్‌యాక్సెస్‌కీలాస్ట్‌యూజ్డ్ ఫలితం కూడా చూడకుండా వాడకం గురించి తేల్చవద్దని స్పష్టంగా చెప్పండి.

సమస్య: ట్యాగులు ఉన్నా లేవంటోంది

లిస్ట్‌యూజర్స్ ట్యాగులు (యూజర్‌కి తగిలించే లేబుళ్లు) ఇవ్వదు. గెట్‌యూజర్ ఇస్తుంది.

సమస్య: పాత యూజర్ చరిత్రను కొత్త యూజర్‌కి అంటగడుతోంది

యూజర్‌ను తీసేసి అదే పేరుతో మళ్లీ సృష్టిస్తే పేరు, ఏఆర్‌ఎన్ (ఏడబ్ల్యూఎస్‌లో దాని పూర్తి చిరునామా) రెండూ పాతవాటిలాగే ఉంటాయి. ఏఐడీఏ అక్షరాలతో మొదలయ్యే యూజర్ ఐడీ మాత్రం మారుతుంది. దాన్ని జవాబులో తప్పక పంపి, పోల్చాల్సింది దాన్నే అని రాయండి.

సమస్య: మైక్రోసాఫ్ట్ ఎంట్రాలో (మైక్రోసాఫ్ట్ యూజర్ డైరెక్టరీలో) గెస్ట్ యూజర్లు, అంటే బయటి సంస్థల వాళ్లు మాత్రమే దొరకట్లేదు

వాళ్ల యూజర్ ప్రిన్సిపల్ నేమ్‌లో (లాగిన్ పేరులో) హ్యాష్ గుర్తు (#) ఉంటుంది. యూఆర్‌ఎల్‌లో దాన్ని ఎన్‌కోడ్ చేయకపోతే ఆ తర్వాతి భాగం తెగిపోతుంది. ఎన్‌కోడింగ్ టూల్ లోపలే చేయండి, లేదా ఆబ్జెక్ట్ ఐడీతో (ప్రతి యూజర్‌కీ ఉండే ప్రత్యేక గుర్తుతో) వెతకమనండి.

వివరణ మార్చాక పరీక్షించడానికి అసలు లేని పేరు ఒకటి, చివరి పేజీలో ఉన్న పేరు ఒకటి, పర్మిషన్ లేని అకౌంట్‌లోని పేరు ఒకటి ఏజెంట్‌కి ఇవ్వండి. మొదటిదానికి, మూడోదానికి ఒకే జవాబు వస్తే వివరణ కాదు, ఎర్రర్‌ను మింగుతున్న కోడ్‌ను ముందు సరిచేయాలి.