హీబ్రూ చదువుదాం – 9వ పాఠం: బెరీత్

పోయిన పాఠంలో ‘కారత్’ క్రియను పట్టుకున్నాం. కోశాడు, నరికాడు అని దాని అర్థం. చెట్టు నరికినా ఇదే క్రియ, గుహలో దావీదు సౌలు అంగీ చెంగు కోసినా ఇదే. ఈసారి దానికి ఒక కర్మను చేరుద్దాం: బెరీత్, అంటే ఒడంబడిక.

రాతలో నాలుగే అక్షరాలు: బేత్, రేష్, యోద్, తావ్. స్త్రీలింగం. పాత నిబంధనలో 280 సార్లకు పైగా వస్తుంది కానీ ఒక్కసారి కూడా బహువచనంలో కనిపించదు, కాబట్టి బట్టీ పట్టాల్సిన రూపాలు తక్కువ. ‘బెరీతీ’ నా బెరీత్, ‘బెరీతో’ అతని బెరీత్. ముందున్న పదం అచ్చుతో ముగిస్తే బేత్ మెత్తబడి ‘వెరీత్’ అని వినిపిస్తుంది. రెండో పాఠంలో చెప్పుకున్న సూత్రమే ఇది.

తెలుగు బైబిల్ దీన్ని ‘నిబంధన’ అంది. ఆ గ్రంథ విభాగాల పేర్లు కూడా అందులోంచే వచ్చాయి. ఇబ్బందల్లా, ఇవాళ నిబంధన అంటే మనకు ట్రాఫిక్ నిబంధనలో, టెండరు నిబంధనలో గుర్తొస్తాయి. పైవాడు పెట్టిన రూలు అన్నమాట. బెరీత్‌లో రూళ్లు ఉండొచ్చు, కానీ అది రూలు కాదు. ఇద్దరిని ఒట్టుతో, సాక్షితో కట్టిపడేసే ఒడంబడిక. ఈ పాఠం చదివినంతసేపూ మనసులో ‘ఒడంబడిక’ అనే పెట్టుకోండి.

ఇక క్రియ. ఆదికాండము 15:18 హీబ్రూలో ఇలా నడుస్తుంది: ‘కారత్ యెహోవా ఎత్-అవ్రామ్ బెరీత్’. మాటకు మాట పెడితే ‘యెహోవా అబ్రాముతో ఒడంబడిక కోశాడు’. తెలుగులో మనం కోసేదీ తెంచేదీ బంధం పోవడానికి. ఇక్కడ బంధం పుట్టడానికే కోత. ఎందుకన్నది అదే అధ్యాయంలో కనిపిస్తుంది. మూడేళ్ల పెయ్యను, మేకను, పొట్టేలును అబ్రాము నడిమికి రెండుగా ఖండించి, ఆ ముక్కలను ఎదురెదురుగా పెట్టాడు. పక్షులను మాత్రం ఖండించలేదు. చీకటి పడ్డాక పొగలేచే పొయ్యి, మండే దివిటీ ఆ ముక్కల మధ్యగా నడిచాయి. ఆ నడకకు అర్థమేమిటో యిర్మీయా 34 చెబుతుంది. సిద్కియా రాజు కాలంలో యెరూషలేము పెద్దలు దూడను కోసి, దాని ముక్కల మధ్య నడిచి, బానిసలను విడిచిపెడతామని మాటిచ్చారు. విడిచారు కూడా. మళ్లీ పట్టుకొచ్చి బానిసలుగా పెట్టుకున్నారు. ఆ దూడకు పట్టిన గతే మీకూ పడుతుందని ప్రవక్త వాళ్లకు తేల్చి చెప్పాడు.

ఇది ఒక్క ఇశ్రాయేలు పద్ధతే కాదు. సిరియాలో అలెప్పో దగ్గరి సెఫీరెలో దొరికిన క్రీ.పూ. 8వ శతాబ్దపు అరామిక్ శాసనాలలో, ఈ దూడను కోసినట్టే మాట తప్పిన అర్పదు రాజు మతీఏల్‌నూ కోయుదురు గాక అని ఉంది. అక్కడా ఒడంబడికను ‘కోశారు’ అనే రాశారు.

తమాషా ఏమిటంటే, విడాకుల పత్రానికి హీబ్రూలో ‘సేఫెర్ కెరీతూత్’ అంటారు. అదీ ‘కారత్’ ధాతువే, కానీ ఇక్కడ కోత బంధం తెంచడానికి! ధాతువు తెలిసింది కదా అని అర్థం ఊహించేస్తే ఇలాంటి చోట బోల్తా పడతాం.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. బెరీత్ కనబడగానే దాని పక్కన ఏ విభక్తి ఉందో చూడాలి. తెలుగువాళ్లకు ఇది తేలికే, ఎందుకంటే తేడా మన ‘తో’కీ ‘కు’కీ ఉన్న తేడాయే. ‘ఎత్’, ‘ఇమ్’ అంటే తో. ‘లె’ అంటే కు. ఆదికాండము 26:28లో అబీమెలెకు రాజు ఇస్సాకును అడిగింది ‘నిఖ్రెతా వెరీత్ ఇమ్మాఖ్’, నీతో ఒడంబడిక చేసుకుందాం అని. ఇద్దరూ దీటైనవాళ్లు. ‘లె’ వచ్చిందంటే సాధారణంగా ఒకడు పైన, ఒకడు కింద. 1 సమూయేలు 11లో ముట్టడిలో చిక్కిన యాబేష్గిలాదు వాళ్లు అమ్మోనీయుడైన నాహాషును ‘మాకు’ బెరీత్ చేయమన్నారు, నీకు ఊడిగం చేస్తామన్నారు. అందరి కుడికళ్లూ పెరికితేనే చేస్తానన్నాడు వాడు.

యెహోషువ 9 ఈ విభక్తికి మంచి పాఠ్యం, కాస్త నిలబడి చదవండి. యెహోషువ నడిపిస్తున్న ఇశ్రాయేలీయులకు గిబియోనువాళ్లు పక్క ఊరివాళ్లే. ఎండి బూజుపట్టిన రొట్టెలు, చినిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులతో దూరదేశం నుంచి వచ్చామని నమ్మించారు. వాళ్ల మాట ‘కిర్తూ లానూ వెరీత్’. ‘లానూ’ అంటే మాకు. అంటే బలవంతులు మీరు, ప్రాణాలకు హామీ ఇవ్వండి అని. యెహోషువ ఇచ్చేశాడు, పెద్దలు ప్రమాణం చేశారు. మూడు రోజులకు గుట్టు బయటపడింది. మోసంతో రాబట్టిన ఒప్పందం ఇవాళ కోర్టులో నిలవడం కష్టం. కానీ యెహోవా పేరిట ఒట్టు పడింది కాబట్టి వాళ్లను చంపే వీల్లేదన్నారు పెద్దలు. కట్టెలు కొట్టడానికి, నీళ్లు తోడడానికి పెట్టుకున్నారు. తరాల తర్వాత సౌలు రాజు వాళ్లను చంపించినందుకు దేశానికి మూడేళ్ల కరువు వచ్చిందని 2 సమూయేలు 21 చెబుతుంది. బెరీత్ ఎంత గట్టి ముడో నిఘంటువుకన్నా ఈ కథే బాగా చెబుతుందని నా అభిప్రాయం.

విభక్తి సూత్రానికి మినహాయింపు ఉంది. 2 దినవృత్తాంతములు 29:10లో హిజ్కియా రాజు ‘యెహోవాకు’ బెరీత్ చేస్తానంటాడు. అక్కడ కింద ఉన్నవాడే తనను తాను కట్టుకుంటున్నాడు, మన మొక్కులాగా. సూత్రాన్ని గుడ్డిగా వాడొద్దు.

బెరీత్‌తో వచ్చే మిగతా క్రియలను చూసుకుంటూ పోదాం. ‘హేకీమ్’ నిలబెట్టాడు, ‘షామర్’ కాపాడాడు, ‘జాఖర్’ జ్ఞాపకం చేసుకున్నాడు, ‘హేఫెర్’ భంగం చేశాడు.

నేటి హీబ్రూలో బెరీత్ నలిగి ‘బ్రిత్’ అయింది. అమెరికా సంయుక్త రాష్ట్రాలను ‘అర్ట్‌సోత్ హా-బ్రిత్’ అంటారు. అయితే వృద్ధుల సంరక్షణ పనికి ఇజ్రాయెల్ వెళ్లిన మనవాళ్లు సంతకం పెట్టే ఉద్యోగ పత్రం బ్రిత్ కాదు, ‘ఖోజె’. మామూలు ఒప్పందం ‘హెస్కెమ్’. అద్దె కాగితాన్ని బ్రిత్ అంటే ఇంటి ఓనరు నవ్వుతాడు.

అభ్యాసం: ఆదికాండము 21:27 (‘వయ్యిఖ్రెతూ షెనేహెమ్ బెరీత్’), 31:44, 2 సమూయేలు 5:3 తీసుకోండి. ప్రతిదానిలో క్రియ, విభక్తి, సాక్షిగా నిలిచిన వస్తువో మనిషో దేవుడో రాయండి. ఒక వచనంలో అసలు విభక్తే ఉండదు, ‘వాళ్లిద్దరూ’ అనే కర్త మాత్రమే ఉంటుంది. మరోదానిలో ‘లాహెమ్’ (వాళ్లకు) ఉంది: హెబ్రోనులో పైచేయి ఎవరిదో దాన్నిబట్టి చెప్పండి. సాక్షి ఆ వచనంలోనే దొరక్కపోతే చుట్టుపక్కల వచనాలు చదవండి. లాబాను, యాకోబుల దగ్గర రాళ్లకుప్ప కోసం వెతకండి.

జవాబులు పదో పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో ‘షెవా’ (ఏడు), ‘నిష్బా’ (ఒట్టు పెట్టుకున్నాడు) పదాలను, అబ్రాహాము ఏడు ఆడ గొర్రెపిల్లలను విడిగా ఎందుకు నిలబెట్టాడో చూద్దాం.