స్కూల్లో వజూ (నమాజుకి ముందు చేతులూ ముఖం కాళ్లూ కడుక్కోవడం) నీళ్లతో పర్యావరణ పాఠం ఎలా చెప్పాలి?

మా విజయవాడ వన్‌టౌన్ సైడు స్కూల్లో నేను మొదట "నీటిని పొదుపు చేయండి" అని చార్టులు వేయించా, పిల్లలు రంగులు అదరగొట్టేశారు, పక్కన ట్యాప్ మాత్రం కారుతూనే ఉంది. అందుకే చార్టులు వద్దు. ముందు ఆ ట్యాప్‌కి వాషర్ మార్పించి ఒక బకెట్, లీటర్ బాటిల్, లోటా తెచ్చుకోండి.

స్టెప్ 1: హెడ్‌మాస్టర్‌కి, పేరెంట్స్‌కి ముందే చెప్పండి. వేరే మతం పిల్లలు వజూ చెయ్యక్కర్లేదు, చేతులూ ముఖం కాళ్లూ కడుక్కుంటే చాలు, కొలత అందరికీ ఒకటే.

స్టెప్ 2: ట్యాప్ కింద బకెట్ పెట్టి ఒకడిని రోజూ చేసినట్టే వజూ చెయ్యమనండి. అందరూ చూస్తున్నారని మొదటిసారి జాగ్రత్తగా చేస్తాడు, అది వదిలేసి రెండోసారిది బాటిల్‌తో కొలవండి. మా ఏడో తరగతి వాడిది ఐదు బాటిళ్లు దాటింది, వాడే నోరెళ్లబెట్టాడు! అప్పుడు చెప్పండి, ప్రవక్త ముహమ్మద్ (స) ఒక ముద్ (పాత అరబ్ కొలత) నీళ్లతో వజూ చేసేవారని బుఖారీ, ముస్లిం అనే హదీసు (ప్రవక్త మాటలు, చేతల) గ్రంథాల్లో ఉంది. (ముద్ అనే పలకండి, చివర 'దు' అని సాగదీస్తే 'ముద్దు' అయిపోయి క్లాసంతా ఒకటే నవ్వులు.) ముద్ అంటే దోసెడు. హనఫీ (ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) లెక్కలో కాస్త ఎక్కువొస్తుంది, ఎలా చూసినా లీటరుకి అటూఇటూనే. ఇప్పుడు అదే పిల్లాడికి లోటా ఇచ్చి మళ్లీ చేయించండి, ఖురాన్‌లో "తినండి, తాగండి, దుబారా చెయ్యకండి" అన్న మాట (7:31) అప్పుడు చెప్తే బుర్రకెక్కుతుంది.

పారే నది దగ్గరున్నా నీళ్లు వృథా చెయ్యొద్దనే హదీసు ఇబ్నె మాజా అనే ఇంకో హదీసు గ్రంథంలో ఉంది, కృష్ణ పక్కనే ఉన్న మనకి భలే సరిపోతుంది, కానీ దాని సనద్ (ఎవరి నుంచి ఎవరు విన్నారనే వరస) బలహీనం అంటారు కాబట్టి హజ్రత్‌ని (మసీదు మతగురువుని) అడిగాకే వాడండి.

స్టెప్ 3: దారిలో అడ్డు తీసెయ్యడం ఈమాన్‌లో (విశ్వాసంలో) ఒక శాఖ అని హదీసు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు నీళ్లు మా ఊరి సింగ్‌నగర్ ఇళ్లల్లోకి ఎలా వచ్చాయో పిల్లలకి తెలుసు, వాళ్లనే చెప్పనివ్వండి. తర్వాత నీళ్లు పోయే దారికి కవర్లు కూడా అడ్డే అని చెప్పి, గ్లౌజులేసి గేటు బయట రోడ్డు మీద కవర్లు ఏరించండి, కాలవలోకి మాత్రం దిగనివ్వొద్దు.

స్టెప్ 4: వజూ నీళ్లల్లో సబ్బు ఉండదు, మొక్కలకి పోసేయండి. నాటిన చెట్టు నుంచి పిట్ట తిన్నా సదకాయే (దానమే) అని హదీసు చెప్పి జూన్‌లో స్కూళ్లు తెరిచాక వేప, కానుగ పెట్టించండి. మే సెలవుల్లో నీళ్లెవరు పోస్తారో వాచ్‌మన్‌తో ఇప్పుడే మాట్లాడుకోండి, మా మొదటి బ్యాచ్ మొక్కలన్నీ ఆ నెలలోనే ఎండిపోయాయి.