అమెరికా వచ్చే మన జిల్లాల పిల్లలకు: ‘ఫైన్’ అనే ముందు

శ్రీకాకుళం, విజయనగరం నుంచి చదువుకోడానికి అమెరికా వచ్చే పిల్లలకు బట్టలు, మందులు, పచ్చళ్ళ గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. నేను ‘ఫైన్’ అనే ఒక్క మాట గురించి చెబుతాను. బడిలోనే వచ్చేసిన మాట కాబట్టి దీన్ని ఎవరూ మళ్ళీ నేర్చుకోరు. ఇబ్బందంతా అక్కడే.

ముందు తిండి సంగతి. మనవైపు ఎవరింటికెళ్ళినా "వద్దండి, ఇప్పుడే తినేసి వచ్చాం" అనడం మర్యాద. "అలాగంటే ఎలాగ, ఓ ముద్ద తినండి" అంటూ వాళ్ళు కంచం పెట్టెయ్యడమూ మర్యాదే. ఇక్కడ క్లాస్‌మేట్ ఇంట్లో ఏమైనా తింటావా అని అడిగితే, మొహమాటానికి "ఐయామ్ ఫైన్" అన్నారనుకోండి, నాకేమీ వద్దని చెప్పినట్టే. చాలామంది రెండోసారి అడగరు. మీ మాటను గౌరవించామనే వాళ్ళనుకుంటారు. ఆకలేస్తే మొదటిసారే "యెస్, ప్లీజ్" అనెయ్యండి, ఎవరూ తప్పు పట్టరు.

ప్రొఫెసర్ మీ రిపోర్టు చూసి "ఇటీజ్ ఫైన్" అంటే సాధారణంగా పర్వాలేదు, సరిపోతుందని. అదే "ఎ ఫైన్ రిపోర్ట్" అన్నారంటే నిజంగా మెచ్చుకున్నట్టు. నామవాచకం ముందు నిలబడితే ఈ మాట బరువు పెరుగుతుంది. లాటిన్‌లో హద్దు, కొస అనే అర్థమున్న ‘ఫినిస్’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మేలైనదనీ, సన్ననిదనీ రెండర్థాలూ దీనికున్నాయి. మన పొందూరు ఖద్దరుకి రెండూ సరిపోతాయి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, వందో నంబరు నూలు సన్నగా వడికే ఊరు కదా!

రూమ్‌మేట్ గొంతు దించి "ఫైన్" అని ఊరుకుంటే మాత్రం ఒప్పుకున్నారని సంబరపడకండి. గిన్నెలు తోమే వంతైనా, కరెంటు బిల్లైనా ఇంకోసారి కూర్చుని మాట్లాడుకోండి.

డాక్టర్ దగ్గర ఇంకా జాగ్రత్త. "హౌ ఆర్ యూ" అన్న పలకరింపుకి "ఫైన్" అని అక్కడితో ఆగిపోవద్దు. వెంటనే ఎక్కడ నొప్పో, ఎన్నాళ్ళ నుంచో చెప్పండి. నొప్పి 0 నుంచి 10లో ఎంత అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. అమ్మ టెన్షన్ పడుతుందని ఫోన్లో "బానే ఉన్నానమ్మా" అన్నట్టు ఇక్కడ అనకూడదు.

ఇంటి లీజులో సన్నక్షరాలని ‘ఫైన్ ప్రింట్’ అంటారు. ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల నోటీసివ్వాలో, డిపాజిట్‌లో ఏమేం కోస్తారో అక్కడే ఉంటుంది. సంతకం పెట్టకముందే సీనియర్ ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.