హాస్టల్ నుంచి దసరాకి ఇంటికొచ్చే పిల్లతో ఎలా ఉండాలి

మాది తెనాలి. ఇంటి ముందు గదిలోనే టైలరింగ్ షాపు నడుపుతాను. మా పెద్దమ్మాయి 2022లో విజయవాడ పక్కన హాస్టల్లో ఉండి ఇంటర్ ఎంపీసీలో చేరింది. ఆ ఏడాది దసరా సెలవులకు వచ్చినప్పుడు నేను చాలా తప్పులు చేశాను. మరుసటి ఏడాది కొన్ని దిద్దుకున్నాను. మీ ఇంటికీ ఈ సెలవుల్లో అలాంటి పిల్ల వస్తుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఆ మొదటి దసరా సంగతి చెప్పాలి. అప్పటికి దానికి పదహారు నిండలేదు. మా ఆడపడుచు వాళ్ళు పండక్కి వచ్చి "ఎలా చదువుతున్నావమ్మా?" అని అడిగారు. అది చేతులు కట్టుకుని నిలబడి, "ఫిజిక్స్‌లో కొంచెం వెనకబడ్డానత్తయ్యా, ఈ నెలలో కవర్ చేసేస్తాను" అంది. పిల్లకి ఎంత పెద్దరికం వచ్చిందో అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను. అంతలో ఆడపడుచు "టాప్ సెక్షన్లోనే ఉందిగా?" అంది. "ఆ, అందులోనే" అన్నాను. నిజానికి ఆగస్టులోనే కింది సెక్షన్‌కి మార్చారు. పిల్ల నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చి అడిగినా అదీ నా అబద్ధమే చెప్పింది.

తిరిగి వెళ్ళే ముందు రోజు రాత్రి షాపు గదిలో లైటు వెలుగుతుంటే వెళ్ళి చూశాను. ముక్కల సంచీలోంచి పీలికలు తీసుకుని, చిన్నప్పటి గుడ్డబొమ్మకి గౌను కుడుతోంది. "ఇంత పెద్దదానివి, ఇప్పుడు బొమ్మలేంటే? ఎల్లుండి పరీక్ష లేదూ?" అన్నాను. చటుక్కున సంచీలో దాచేసి "ఊరికే అమ్మా" అంది. పగలంతా అది మాట్లాడిన పెద్ద మాటలు మా కోసమని, రాత్రి ఆ బొమ్మ తన కోసమని నాకు అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది.

పిల్ల రాకముందే

భార్యాభర్తలు కూర్చుని, చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో తేల్చుకోండి. ర్యాంకు గురించి గానీ సెక్షన్ గురించి గానీ చెబితే నిజం చెప్పండి, లేదంటే అసలు చెప్పకండి. మేము అనుకున్న మాట ఇది: "సెలవుల్లో చదువు మాట వద్దనుకున్నాం, పిల్ల అలసిపోయి వచ్చింది." ఈ మాట మీరే అనాలి, పిల్లతో అనిపించకూడదు. ఇలా అనుకున్నామని దానికి ముందే ఫోన్లో చెప్పండి. మా అమ్మాయికి చెప్పినప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే అత్తయ్యని కూడా రమ్మను" అంది.

అంతకుముందు అబద్ధం చెప్పి ఉంటే, పిల్ల ఎదురుగానే దిద్దుకోండి. నాకు ఇది చాలా కష్టమైంది. రెండో దసరాకి ఆడపడుచు రాగానే వంటింట్లో "వదినా, పోయినేడు నీకు అబద్ధం చెప్పాను, అప్పటికే కింది సెక్షన్లో వేశారు" అన్నాను. ఆవిడ కూరగాయలు తరుగుతూనే "మావాడూ రెండు సబ్జెక్టులు తప్పాడమ్మా, ఎవరికీ చెప్పలేదు" అంది. గుమ్మం దగ్గర మా అమ్మాయి వింటూనే ఉంది. ఆ పండగ మూడు రోజులూ పిల్లలిద్దరూ మేడ మీద క్యారమ్స్ ఆడారు. కిందికి పిలవడానికి కూడా నాకు మనసొప్పలేదు.

మొదటి రెండు రోజులు

నిద్రపోనివ్వండి. హాస్టల్లో ఐదింటికి లేచిన అలవాటుకి ఇంట్లోనూ ఐదింటికే ఉలిక్కిపడి లేస్తారు. "పడుకో నాన్నా" అని దుప్పటి కప్పండి. అన్నం గబగబా మింగుతారు, మెస్‌లో అలాగే తినాలి కాబట్టి. దానికి మందలించకండి. మీరు పక్కన కూర్చుని నెమ్మదిగా తినండి, నాలుగో రోజుకి వాళ్ళే నిదానిస్తారు.

ఒంటి కొలత చూడండి. నేను టేపు పెడితే నడుము జూన్‌లో కుట్టినప్పటికంటే రెండంగుళాలు తగ్గింది. మొదటి ఏడాది నేను చేసిందేమిటంటే, చుడీదార్ లూజు అయిందని పక్క కుట్లు లోపలికి వేసేశాను. ఎందుకు తగ్గిందని అడగలేదు. ఎదిగే పిల్లల బట్టలకి లోపల గుడ్డ ఎక్కువ వదలమని అమ్మలందరూ నాకు చెబుతుంటారు. మా పిల్ల బట్టకి మాత్రం నేను లోపలికి కుట్టాల్సి వచ్చింది, అయినా నాకు అనుమానం రాలేదు. మీ దగ్గర టేపు లేకపోతే జూన్‌లో కొన్న బట్టలు వేయించి చూడండి, చాలు.

తల దువ్వేటప్పుడే మాటలు వస్తాయి

హాస్టల్ నుంచి వచ్చే ఆడపిల్లలకి పేలు ఉంటాయి, అందులో సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. గోరువెచ్చటి కొబ్బరినూనె రాసి, పేలదువ్వెన తీసుకుని వెనక కూర్చోండి. మీకు పిల్ల ముఖం కనపడదు, పిల్లకి మీ ముఖం కనపడదు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రాని మాటలు అప్పుడు వస్తాయి. గంట పట్టినా పట్టనివ్వండి. మగపిల్లాడైతే సైకిల్ తుడుస్తూనో, నాన్నతో బండి మీద పొలానికి వెళ్తూనో ఇదే జరుగుతుంది.

"ఎలా చదువుతున్నావ్?" అని అడగకండి. దానికి జవాబు "బాగానే" అని ముందే తయారుగా ఉంటుంది. ఆదివారం ఫోన్లో, వెనక పదిమంది క్యూలో నిలబడి ఉండగా చెప్పీ చెప్పీ నోటికి వచ్చేసిన జవాబు అది. చిన్న విషయాలు అడగండి. నీ మంచం ఫ్యాన్ కిందా, కిటికీ పక్కనా? పక్క మంచం పిల్లది ఏ ఊరు? మెస్‌లో ఏ రోజు టిఫిన్ బాగుంటుంది? మా అమ్మాయి పక్క మంచం పిల్ల గురించి చెబుతూ చెబుతూ, ఆ పిల్ల రాత్రిళ్ళు దుప్పట్లో ఏడుస్తుందని చెప్పింది. "మరి నువ్వో?" అని అడగలేదు నేను, దువ్వెన ఆపలేదు కూడా. కాసేపటికి అదే "నేను బాత్‌రూంలో ఏడుస్తా, అక్కడైతే నీళ్ళ చప్పుడుంటుంది" అంది. అప్పుడు సలహా చెప్పాలని నోటిదాకా వస్తుంది. చెప్పకండి. ఆ పూటకి విన్నది చాలు.

డబ్బు మాట

పిల్లల్ని మనం తొందరగా పెద్దవాళ్ళని చేసేది ఎక్కువగా ఇక్కడే. "నీ ఫీజు కోసం గొలుసు కుదువ పెట్టాం", "మీ నాన్న రెండేళ్ళుగా కొత్త చొక్కా కొనుక్కోలేదు", ఇవన్నీ బాధ్యత తెలియాలని చెబుతాం. నేనూ చెప్పాను. గొలుసు తాకట్టు పెట్టింది నిజమే. కానీ పదిహేనేళ్ళ పిల్ల ఆ మాటని లెక్కల పేపర్ ముందు గుర్తు చేసుకుంటుంది. మా అమ్మాయి నోట్‌బుక్ చివరి పేజీలో గొలుసు ఎన్ని సవర్లో, ఫీజు ఎంతో, తను ఉద్యోగంలో చేరడానికి ఇంకా ఎన్నేళ్ళో లెక్క రాసుకుంది. అది చూసిన రోజు నాకు కుట్టు మిషన్ మీద కాలు ఆడలేదు.

ఇంటి పరిస్థితి దాచమని కాదు. ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ఇంత అప్పు ఉంది, ఇలా తీరుస్తున్నాం, అది మా పని, నీ ర్యాంకుతో దానికి సంబంధం లేదు. ఆ తర్వాత మళ్ళీ ఎత్తకండి, ముఖ్యంగా మార్కులు తగ్గినప్పుడు.

కాలేజీ వాళ్ళతో, పీఆర్వోలతో

వారం వారం పరీక్షలు పెట్టి, మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చడం మామూలే అని చెబుతారు. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న పదిహేడేళ్ళ అమ్మాయి మరణించిన కేసులో తీర్పు ఇస్తూ, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంతవరకు మానుకోవాలని చెప్పింది. సెలవులయ్యాక పిల్లని దింపడానికి వెళ్ళినప్పుడు ప్రిన్సిపాల్‌తో ఈ విషయం నెమ్మదిగా మాట్లాడండి. పిల్లని పక్కన పెట్టుకుని మాత్రం మాట్లాడకండి.

ఇంకో పిల్లాడు చిన్న క్లాసులో ఉంటే, అడ్మిషన్ల కోసం తిరిగే పీఆర్వోలు ఇంటికొస్తారు. మావాడు ఏడో తరగతి అయిన వేసవిలో వచ్చి, ఇప్పుడే ఐఐటీ ఫౌండేషన్ మొదలుపెట్టకపోతే ఆలస్యమైపోతుందన్నారు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కోచింగ్ సెంటర్లు పదహారేళ్ళలోపు పిల్లల్ని చేర్చుకోకూడదు, ర్యాంకు వస్తుందని హామీలూ ఇవ్వకూడదు. మాది కోచింగ్ సెంటర్ కాదు, స్కూలే అంటారు వాళ్ళు. పన్నెండేళ్ళ పిల్లాడికి ఎవరు చెప్పినా కోచింగ్ కోచింగే అని నా అభిప్రాయం. పేరు, ఫోన్ నంబర్ ఇవ్వకుండా పంపించేశాను.

అలసట కాదు అనిపిస్తే

రెండు మూడు రోజుల విశ్రాంతి తర్వాత కూడా నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, తన వస్తువులు తమ్ముడికో స్నేహితురాలికో ఇచ్చేస్తున్నా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట వచ్చినా వెనక్కి పంపకండి. చదువు తర్వాత చూసుకోవచ్చు. ఒంటరిగా వదలకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ వెంటనే ఆస్పత్రిలో సైకియాట్రిస్ట్‌కి చూపించండి. చుట్టాలకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఒక్క పూట కూడా ఆలస్యం చేయకండి.

తిరిగి పంపే రోజు

కందిపొడి, నెయ్యి, నాలుగు రోజులు నిలవుండే సున్నుండలు కట్టండి. పక్క మంచం పిల్లకి కూడా వేరే పొట్లం కట్టి, దాని మీద ఆ పిల్ల పేరు రాయండి. బస్టాండులో బుద్ధులు చెప్పకండి, అక్కడ చెప్పింది దారి పొడుగునా గుచ్చుకుంటుంది. "ఆదివారం ఫోన్ చేసినప్పుడు బాగోలేదంటే బాగోలేదనే చెప్పు, మేమొస్తాం" అని ఒక్కటి చెప్పండి. చెప్పిన ఆదివారం నిజంగా వెళ్ళండి. మేము ఆ ఏడాది నవంబర్లో షాపు మూసి రెండుసార్లు వెళ్ళాం.

రెండో దసరాకి పెట్టె సర్దేటప్పుడు ఆ గుడ్డబొమ్మని నేనే తెచ్చిచ్చాను. సగంలో ఆగిపోయిన గౌనుకి చేతులు కుట్టి, మెడ దగ్గర చిన్న లేసు కూడా వేశాను. అది తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "లేసు వంకరగా ఉందమ్మా" అని, పెట్టెలో బట్టల అడుగున పెట్టుకుంది.