కోన్ల మధ్య కమారో – 6వ పాఠం: తెర మీది పచ్చరంగు

ఖాళీ స్థలంలో కోన్లు పెట్టి, వాటి మధ్యనుంచి గడియారంతో పోటీగా బండి నడిపే ఆట ఆటోక్రాస్. పాత షెవర్లే కమారోతో దాన్ని నేర్చుకునే ఈ వరసలో పోయిన పాఠం చివర్లో "వీల్ అలైన్‌మెంట్ చేయించుకుని రండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. మీరు పంపిన ఫొటోలు చూశాక ఈసారి బ్రేకుల పాఠం పక్కన పెట్టాల్సి వచ్చింది. అందరి బండ్లలోనూ ఒకటే తీరు: ముందు టైర్ల బయటి అంచు నున్నగా అరిగిపోయింది, నడిమి బటన్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. "స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు తిరగట్లేదు, తిన్నగా కోన్ల మీదికే పోతోంది" అని రాశారు. కోను పడిందంటే 2 సెకన్లు జరిమానా, పోయినట్టే. నిమిషం కూడా పట్టని పరుగులో ఆ 2 సెకన్లు ఎక్కణ్ణుంచి తెస్తాం?

ఫొటోలతోపాటు, అలైన్‌మెంట్ షాపువాళ్లు మెషీన్ తెర మీది కొలతలు అచ్చువేసి ఇచ్చిన కాగితం కూడా చాలామంది జతచేశారు. అందులో ప్రతి అంకే పచ్చరంగులో ఉంది, అంటే అంతా సరిగ్గా ఉందని. తంటా అంతా అక్కడే ఉంది.

మెషీన్‌కి ఆ పచ్చరంగు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసుకోండి. 1967–69 కమారోకి కంపెనీ ఆనాడు ఇచ్చిన లెక్కల నుంచి. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం; బయటికైతే పాజిటివ్) పాజిటివ్ పావు డిగ్రీ, క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు పైభాగం వెనక్కి వాలే కోణం) పాజిటివ్ అర డిగ్రీ, అటూ ఇటూగా. అవి బయాస్ ప్లై టైర్ల (లోపలి దారాల పొరలు ఐమూలగా ఉండే పాత రకం) కాలం నాటివి. పవర్ స్టీరింగ్ లేని బండిని కూడా ఎవరైనా తేలిగ్గా పార్క్ చేయగలగాలని క్యాస్టర్ అంత తక్కువ పెట్టారు. మీరు వేసుకున్నవి 200 ట్రెడ్‌వేర్ (అరుగుదల రేటింగు; అంకె తక్కువైతే టైరు మెత్తన, పట్టు ఎక్కువ) రేడియల్ టైర్లు. ఆ లెక్క వీటికి పనికిరాదు.

కుడి అరచేయి బల్ల మీద బోర్లా ఆనించండి. అది కుడి ముందు చక్రం అనుకోండి. బండి ఎడమకి తిరిగితే బాడీ కుడికి ఒరుగుతుంది, చక్రాన్నీ తనతో ఒంచుతుంది. చేతిని అలాగే కుడికి ఒంచండి. బరువంతా చిటికెనవేలి అంచు మీదికి వచ్చేసింది కదా? మీ టైరు అరిగింది సరిగ్గా అక్కడే. ఇప్పుడు మొదటే చేతిని బొటనవేలి వైపు కాస్త వాల్చి, ఆ తర్వాత కుడికి ఒంచండి. అరచేయి మొత్తం బల్లకి ఆనుతుంది. ఆ ముందస్తు వాలే నెగటివ్ క్యాంబర్. కమారోలో చక్రాన్ని పైనుంచి పట్టుకునే సస్పెన్షన్ చెయ్యి, అంటే పై ఆర్మ్, అమరిక వల్ల ఒరిగినప్పుడు చక్రం ఇంకా బయటికి వాలుతుంది, అందుకే మనకి ఇది మరీ అవసరం. ఆ ఆర్మ్‌ని కిందికి దించే, రేసర్ గుల్డ్‌స్ట్రాండ్ పేరుతో పిలిచే మార్పు గురించి తర్వాత చెబుతాను. ముందే డ్రిల్లు పట్టుకోకండి.

నేను పెట్టుకునే అంకెలు: క్యాంబర్ రెండు వైపులా నెగటివ్ 1 నుంచి 1.5 డిగ్రీలు. క్యాస్టర్ పాత ఆర్మ్‌లు ఎంత ఇస్తే అంత, కానీ రెండు వైపులా సమానంగా. టో (చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా) సున్నా. 1/16 అంగుళం బయటికి పెడితే ముక్కు ఇంకా చురుగ్గా తిరుగుతుంది గానీ, అదే బండిలో ఇంటికి రావాలంటే హైవే మీద అటూ ఇటూ లాగుతుంది. నాకది నచ్చదు.

పై ఆర్మ్ షాఫ్టు దగ్గర రెండు బోల్టుల వెనక సన్నటి షిమ్ రేకులుంటాయి. రెండు బోల్టుల దగ్గరా సమానంగా కలిపితే క్యాంబర్ నెగటివ్ వైపు వెళ్తుంది. ముందు బోల్టు దగ్గర తీసి వెనక బోల్టుకి చేరిస్తే క్యాస్టర్ పెరుగుతుంది. క్యాస్టర్, క్యాంబర్, ఆఖర్న టో: ఈ వరస తప్పితే చేసిందంతా మళ్లీ చేయాలి. షాపుకి వెళ్తే ఈ అంకెలు కాగితం మీద రాసి స్టీరింగ్‌కి అంటించి మరీ బండి అప్పజెప్పండి. నోటిమాటగా చెబితే మళ్లీ పచ్చరంగుతోనే తిరిగొస్తుంది. నాకు రెండుసార్లు అలాగే జరిగింది. ఎర్రరంగు కనిపిస్తే భయపడొద్దు, మనం అడిగింది అదే.

కొలిచేటప్పుడు డ్రైవర్ సీట్లో మీ బరువు ఉండాలి. నేను ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు తొమ్మిది పేరుస్తాను. జాకీ దించగానే కొలవకండి. టైర్లు నేలని పట్టుకుని బిగుసుకుని ఉంటాయి. బండిని నాలుగడుగులు వెనక్కీ ముందుకీ నెట్టి అప్పుడు కొలవండి.

టైరు గాలి ముందు 34, వెనక 30 పౌండ్లతో (చదరపు అంగుళానికి, అంటే PSI) మొదలుపెట్టండి. బయటి అంచు మీంచి పక్క గోడ దాకా సుద్దతో అడ్డగీత గీసి పరుగు తీయండి. పక్క గోడ మీద కూడా సుద్ద చెరిగిపోతే 2 పౌండ్లు పెంచండి, అంచు మీది సుద్ద కూడా చెరగకపోతే 2 తగ్గించండి.

అభ్యాసం: ఇంటి దగ్గర సమతలమైన చోట, బండికి రెండు వైపులా హబ్‌ల నుంచి సమదూరంలో దారం కట్టి, రిమ్ ముందంచుకీ వెనకంచుకీ దూరం కొలిచి టో రాసుకోండి. దారాలు విప్పేయండి. బండి వీధి చివరిదాకా నడిపి తెచ్చి మొదటి నుంచీ మళ్లీ కట్టి కొలవండి. ఇలా మూడుసార్లు. మూడు కొలతలూ 1/32 అంగుళంలోపు కలిసేదాకా షిమ్‌ల జోలికి వెళ్లకండి.