గురి ఎటో, పెల్లెట్ ఎటో: ఎయిర్ పిస్టల్‌తో తిప్పలు

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ (గాలి ఒత్తిడితో పెల్లెట్లు, అంటే చిన్న సీసపు గుండ్లు, పేల్చే పిస్టల్‌తో పది మీటర్ల దూరం నుంచి కొట్టే షూటింగ్) మొదలుపెట్టిన కొత్తలో దాదాపు అందరం చేసే పని ఒకటుంది. రెండు షాట్లు పక్కకి పోగానే స్క్రూడ్రైవర్ తీసి రియర్ సైట్ (గురి చూడ్డానికి పిస్టల్ వెనక వైపు ఉండే గాడి) తిప్పేయడం. నేనైతే ఒక సాయంత్రం ఆరుసార్లు తిప్పి, అసలు మొదట ఎక్కడుందో కూడా మర్చిపోయి ఇంటికెళ్లాను. కాబట్టి పది షాట్లు ఒకే టార్గెట్ మీద వేసి, గ్రూప్ (షాట్లన్నీ కలిపి పడ్డ తీరు) ఎలా ఉందో చూసేదాకా సైట్ జోలికి పోకండి. కింద రాసిన కుడి ఎడమలు కుడిచేతి వాళ్లవి, ఎడమచేతి వాటమైతే తిరగేసి చదువుకోండి.

గ్రూప్ చిన్నగానే ఉంది, మధ్యలో మాత్రం పడట్లేదు

ఇది అదృష్టవంతుల సమస్య. మీ చెయ్యి బాగుంది, సైట్ సరిచేస్తే చాలు. పెల్లెట్ ఎటు జరగాలో రియర్ సైట్‌ని అటే జరపాలి. షాట్లు ఎడమకి పోతుంటే కుడికి, కింద పడుతుంటే పైకి. స్క్రూ ఎటు తిప్పాలన్నది పిస్టల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. రెండు క్లిక్కులు తిప్పాక ఐదు షాట్లు వేసి చూడండి. షూటింగ్ రేంజ్ మారితే లైటింగ్ మారి గ్రూప్ కాస్త జరగడం మామూలే, పోటీల్లో మొదటి 15 నిమిషాల సైటింగ్ టైమ్ ఇచ్చేది ఇలాంటివి సర్దుకోవడానికే.

ఎడమకి, కిందకి పోతున్నాయి

నూటికి తొంభై మంది బాధ ఇదేనని నాకనిపిస్తుంది. ఫ్రంట్ సైట్ (గొట్టం ముందు చివర నిలబడి ఉండే పలక) టార్గెట్‌లోని నల్ల వృత్తం కింద చక్కగా నిలబడగానే మనసు "ఇప్పుడే!" అంటుంది, వేలు ట్రిగ్గర్‌ని ఒక్క గుంజు గుంజుతుంది, తోడుగా మిగతా మూడు వేళ్లూ బిగుసుకుంటాయి, మణికట్టు వంగుతుంది. ఇదంతా పెల్లెట్ బయటికి పోకముందే అయిపోతుంది.

ఎందుకు గుంజుతాం? చెయ్యి ఊగుతోందన్న భయంతో. ఆ భయం ఎంత అనవసరమో లెక్కేసి చూడండి. రెండు సైట్ల మధ్య దూరం 33 సెం.మీ. అనుకుందాం. ఫ్రంట్ సైట్ రియర్ సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకి తప్పితే 10 మీటర్ల అవతల అది 30 మి.మీ. అవుతుంది, అంటే పది పాయింట్లకి బదులు ఏడు. అదే సైట్లు రెండూ కుదురుగా ఉండి, చెయ్యి మొత్తం ఒక సెంటీమీటరు ఊగిందనుకోండి, టార్గెట్ మీద తేడా కూడా ఆ ఒక్క సెంటీమీటరే, తొమ్మిది వస్తుంది. పది రింగ్ వ్యాసమే 11.5 మి.మీ. మరి. ఊగితే ఊగనివ్వండి, సైట్లు చెదరకుండా చూసుకోండి.

దీనికి మందు ఖాళీ గోడ. పిస్టల్‌లో పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, డ్రై ఫైర్ మోడ్‌లో (పెల్లెట్ పేలకుండా ట్రిగ్గర్ మాత్రం పనిచేసేలా) పెట్టి, తెల్లగోడ వైపు ఎత్తి, ఫ్రంట్ సైట్ తప్ప ఇంకేమీ చూడకుండా ట్రిగ్గర్‌ని నెమ్మదిగా, నిటారుగా వెనక్కి నొక్కుతూ పోండి. టిక్‌మన్న క్షణంలో ఫ్రంట్ సైట్ తల ఎటు వాల్చిందో కనిపిస్తుంది. కిందకి వాలితే దొంగ దొరికినట్టే. రోజూ పావుగంట చేయండి. బోర్ కొడుతుంది, అయినా చేయండి.

పైనుంచి కిందకి వరసగా పడుతున్నాయి

సాధారణంగా ఊపిరి, లేదా కన్ను. ఊపిరి ఒక్కో షాట్‌కి ఒక్కో చోట ఆపితే ఎత్తు మారుతుంది. కన్ను ఫ్రంట్ సైట్ వదిలి టార్గెట్ మీదకి జారినా అంతే. నల్ల వృత్తం మసకగా కనపడాలి, అది స్పష్టంగా కనిపిస్తోందంటే చూపు జారినట్టు. ఎనిమిది, పది సెకన్లు దాటినా షాట్ పోలేదంటే మొండికేయకుండా పిస్టల్ దించి మళ్లీ ఎత్తండి. ఇక షాట్లు వరసగా కిందకే దిగుతూ పోతుంటే ముందు సిలిండర్ గేజ్ చూడండి, గాలి అయిపోవచ్చిందేమో.

అడ్డంగా పరుచుకుంటున్నాయి

నిలబడే తీరు. కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తండి, తెరిచి చూడండి. ఎడమకి చూపిస్తోందంటే చేత్తో లాక్కురావద్దు, వెనక పాదాన్ని కొంచెం జరిపి మళ్లీ చూడండి.

నలభై షాట్ల దాకా బాగుండి, చివరి ఇరవైలో చెడుతోంది

అలసట. 60 షాట్లకి 75 నిమిషాలున్నాయి. ఒక్క చేత్తో కిలో బరువు ఎత్తుతున్నాం కదా, మధ్యలో రెండు నిమిషాలు పిస్టల్ బల్ల మీద పెట్టి కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు.

ఎటు పడితే అటు పోతున్నాయి

మీకంటే బాగా కొట్టేవాళ్ల చేతికివ్వండి. వాళ్లు పదులు కొడితే తప్పు మీలో, వాళ్లకీ చెల్లాచెదురైతే పిస్టల్‌లో. పిస్టల్ మొరాయించడం పెద్దవాళ్లకీ తప్పలేదు, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్‌కి క్వాలిఫికేషన్ మధ్యలోనే అలా జరిగి విలువైన నిమిషాలు పోయాయి, 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగిపోయింది. మనకొచ్చేవి ఇంకా చిన్నవి: అంచు నొక్కుకుపోయిన పెల్లెట్లు, వదులైన రియర్ సైట్, వదులైన గ్రిప్ (పిడి) స్క్రూ. ఆ చివరిదాని వల్లే నేను రెండు వారాలు నా మణికట్టుని తిట్టుకున్నాను. పక్క లేన్ పెద్దాయన నా పిస్టల్ అలా పట్టుకుని "ఏంటయ్యా ఇది కదులుతోంది" అని, జేబులోంచి ఎలెన్ కీ తీసి అర చుట్టు బిగించి ఇచ్చేశాడు.