ఫైర్ స్టేషన్‌తో పని పడితే ఎవరిని కలవాలి

హైదరాబాద్‌లో ఫైర్‌మన్‌గా చేరి, లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరైన మనిషిని నేను. ఇంట్లో కూర్చున్నా ఫోన్లు మాత్రం ఆగవు. "అన్నా, మా అపార్ట్‌మెంట్‌కి ఫైర్ ఎన్‌వోసీ కావాలి, జీహెచ్‌ఎంసీలో ఎవరైనా తెలుసా?" అని ఒకరడుగుతారు. ఎన్‌వోసీ అంటే మంటల భద్రత విషయంలో అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం. "మావాడు ఫైర్‌మన్ ఉద్యోగానికి చదువుతున్నాడు, ఏ ఆఫీసులో అప్లికేషన్ ఇయ్యాలె?" అని ఇంకొకరు. ఇద్దరూ తప్పు గుమ్మమే తడుతున్నారు. అందుకే ఎవరు ఎక్కడుంటారో ఒకసారి వరసగా చెప్తున్నా.

మన ఫైర్ స్టేషన్లు కార్పొరేషన్‌వి కావు. ముంబైలో ఫైర్ బ్రిగేడ్ అక్కడి కార్పొరేషన్ చేతిలో ఉంటుంది. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో కూడా ఈ పనిని పట్టణ సంస్థల జాబితాలోనే రాశారు. మన దగ్గర మాత్రం ఇది రాష్ట్ర ప్రభుత్వ శాఖ, హోం శాఖ కిందికి వస్తుంది. తెలంగాణలో పూర్తి పేరు విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ. ఆంధ్రలోనూ ఇంచుమించు అదే పేరు, అదే పద్ధతి. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో చేసిన ఫైర్ సర్వీస్ చట్టం మీదే బండి నడుస్తోంది. 2024 జులైలో హైడ్రా (హైదరాబాద్‌లో విపత్తులు, ప్రభుత్వ ఆస్తుల రక్షణ చూసే సంస్థ) వచ్చాక జనానికి అయోమయం ఇంకాస్త ఎక్కువైంది. చెట్టు కూలినా, రోడ్డు మీద నీళ్లు నిలిచినా వచ్చే డీఆర్‌ఎఫ్ (విపత్తు స్పందన దళం) వాళ్లు హైడ్రా మనుషులు. మంటల దగ్గరికీ వస్తారు, మాతో కలిసి పని చేస్తారు. కానీ వాళ్ల పై అధికారులు వేరు, మా పై అధికారులు వేరు.

మాలో కింది నుంచి లెక్కేస్తే ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్, లీడింగ్ ఫైర్‌మన్. బండెక్కేది ఎక్కువగా ఈ మూడు రకాల వాళ్లే. స్టేషన్ బాధ్యత స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌ది. మేం ఎస్‌ఎఫ్‌వో అంటాం. ఆయన పైన అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ ఫైర్ ఆఫీసర్, ఆ పైన డిస్ట్రిక్ట్ ఫైర్ ఆఫీసర్, ఇంకా పైన రీజనల్ ఫైర్ ఆఫీసర్. హెడ్డాఫీసులో డైరెక్టర్ స్థాయి అధికారులు, అందరి మీదా డైరెక్టర్ జనరల్. ఆ కుర్చీలో మామూలుగా ఐపీఎస్ ఆఫీసరే ఉంటారు. మీకు జీవితంలో పని పడేది ఎక్కువగా ఎస్‌ఎఫ్‌వోతోనూ, డిస్ట్రిక్ట్ ఫైర్ ఆఫీసర్‌తోనూ. మిగతా పేర్లు గుర్తుపెట్టుకోకపోయినా నష్టం లేదు.

మంట లేచిందంటే మాత్రం ఏ ఆఫీసర్ నంబరూ వెతక్కండి. 101 కొట్టండి, 112 అయినా సరే. తెలిసిన ఎస్‌ఎఫ్‌వో సెల్ నంబరుకి చేసేవాళ్లున్నారు. ఆయన ఏదో ఇన్‌స్పెక్షన్‌లో ఉంటే మీ రెండు నిమిషాలు గాలికి పోతాయి. 101లో ఎత్తినవాడు మీకు అనవసరం అనిపించే ప్రశ్నలే అడుగుతాడు: ఎన్నో అంతస్తు, కాలేది ఏంటి, లోపల మనుషులున్నారా, సిలిండర్లు ఉన్నాయా, పక్కన గుర్తు ఏంటి. జవాబు చెప్పి, అదే ఫోను చేతిలో పట్టుకుని గల్లీ మొదట్లో నిలబడండి. మీరు చెప్పిన దాన్నిబట్టే ఒక్క బండి చాలా, పక్క స్టేషన్ బండి కూడా కదలాలా, నిచ్చెన బండి కావాలా అన్నది తేలుతుంది.

బండి వచ్చాక ఎవరితో మాట్లాడాలో చాలామందికి తెలియదు, కనపడ్డ ప్రతివాడి చొక్కా పట్టుకుంటారు. మామూలు వాటర్ టెండర్ (నీళ్ల ట్యాంకున్న ఫైరింజన్) మీద డ్రైవర్‌తో కలిపి ఆరుగురి దాకా ఉండాలి. ముందు సీట్లోంచి దిగి, చేతిలో ఏమీ లేకుండా బిల్డింగ్ వైపు నడిచేవాడు లీడింగ్ ఫైర్‌మన్. మీరు చెప్పాల్సింది ఆయనకే. ఆయన ఆ ముప్ఫై సెకన్లు పొగ రంగు చూస్తాడు, మెట్లు ఎక్కడున్నాయో చూస్తాడు, కరెంట్ మీటర్లు ఎటున్నాయో అడుగుతాడు. ఈలోపు డ్రైవర్ పంపు వేస్తాడు, ఇక ఆ పంపు దగ్గర్నుంచి కదలడు. కదిలితే ప్రెషర్ ఎక్కువైనా తక్కువైనా చూసే దిక్కుండదు. ఒకడు 63 మిల్లీమీటర్ల డెలివరీ హోస్‌ని (నీళ్ల పైపుని) దొర్లించుకుంటూ పోతాడు, ఇద్దరు బ్రాంచ్ పట్టుకుంటారు. బ్రాంచ్ అంటే హోస్ చివర నీళ్లు చిమ్మే ఇత్తడి మూతి. నీళ్లు ఎక్కాక దాన్ని ఒక్కడే పట్టుకుంటే మనిషినే ఈడ్చుకుపోతుంది. ట్యాంకులో ఉండే నాలుగున్నర వేల లీటర్లు ధారాళంగా వదిలితే నిమిషాల్లో ఖాళీ. కాబట్టి మీ సంపు మూత ఎక్కడుందో ఎవరూ అడక్కముందే చూపించండి. కాల్ టైంలో ఇంతకన్నా పెద్ద సాయం లేదు.

ఇక్కడే సిబ్బంది సంగతి కూడా చెప్పాలి. స్టేషన్‌లో పోస్టులు ఎన్ని అన్న లెక్కకీ, ఆ పూట బండెక్కేవాళ్ల లెక్కకీ తేడా ఉంటుంది. ఒకడు వీక్లీ ఆఫ్, ఒకడు సెలవు, ఒకడు ట్రైనింగ్, ఇంకో ఇద్దరు నుమాయిష్‌లోనో నిమజ్జనం దగ్గరో స్టాండ్‌బై. ఖాళీలు భర్తీ కాని కాలంలో నలుగురితోనే కాల్‌కి పరిగెత్తిన స్టేషన్లు ఉన్నాయి. నలుగురితో వెళితే మంట మీద నీళ్లు కొట్టడమో, పైన చిక్కుకున్నవాళ్లని దింపడమో ముందు ఏదో ఒకటే మొదలవుతుంది. ఎంత దగ్గర స్టేషన్ అయినా పక్క స్టేషన్ బండి వెనకాలే ఎందుకొస్తుందంటే ఇందుకే.

ఉద్యోగం కోసం చూసే పిల్లలు మా స్టేషన్ల చుట్టూ తిరగక్కర్లేదు. నియామకాలు పోలీస్ నియామక మండలి చేస్తుంది. 2022 నోటిఫికేషన్లో ఫైర్‌మన్ పోస్టులు 610, స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పోస్టులు 26 ఇచ్చారు. ఫైర్‌మన్ కానిస్టేబుల్ వరసలో, ఎస్‌ఎఫ్‌వో ఎస్సై వరసలో వస్తాయి. లీడింగ్ ఫైర్‌మన్ అయ్యేది ప్రమోషన్ మీద. సెలెక్టయితే ట్రైనింగ్ వట్టినాగులపల్లిలో. ఆఫీసర్లు పెద్ద కోర్సులకు నాగపూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీకి వెళ్తారు. ఇక "మా దగ్గర ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చేస్తే గవర్నమెంట్ ఫైర్‌మన్ ఉద్యోగం గ్యారంటీ" అని బోర్డు పెట్టినవాణ్ని నమ్మి డబ్బు కట్టకండి. ఆ డిప్లొమా కంపెనీల్లోనో గల్ఫ్‌లోనో సేఫ్టీ ఉద్యోగానికి ఉపయోగపడుతుందేమో గానీ, మా పరీక్షకి అడ్డదారి కాదు.

ఎన్‌వోసీ విషయానికొస్తే, అన్ని బిల్డింగులకీ మా దగ్గరికి రానక్కర్లేదు. ఇళ్ల భవనాలైతే 18 మీటర్ల ఎత్తు నుంచి, వ్యాపార భవనాలైతే 15 మీటర్ల నుంచి మా పరిధి. జనం గుమిగూడే స్కూళ్లు, ఫంక్షన్ హాళ్లు, సినిమా హాళ్ల లాంటివాటికి స్థలం, ఎత్తు హద్దులు అంతకన్నా చాలా తక్కువ. దరఖాస్తు ఆన్‌లైన్లోనే. కట్టకముందు ఒక ఎన్‌వోసీ, కట్టాక మనుషులు దిగే ముందు ఇంకొకటి, తర్వాత రెన్యువల్స్. చూడ్డానికి వచ్చిన ఆఫీసర్ బిల్డింగ్ చుట్టూ ఖాళీ జాగా కొలుస్తుంటే చిరాకు పడకండి. మా దగ్గరున్న 54 మీటర్ల నిచ్చెన బండి, బ్రాంటో స్కైలిఫ్ట్, పైకి లేవాలంటే ముందు కింద కాళ్లు చాపుకోవాలి. మీరు అక్కడ జనరేటరూ, వాచ్‌మన్ గదీ కట్టేస్తే అది గేటు బయటే ఆగుతుంది. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్ హౌజ్ దగ్గర అగ్నిప్రమాదంలో పదిహేడు మంది పోయిన ఇంట్లో, లోపలికీ బయటికీ ఇరుకుదారి ఒక్కటే.

ఇన్సూరెన్స్ కోసం "ఫలానా రోజు ఫైర్ సర్వీస్ వచ్చింది" అని కాగితం కావాల్సినవాళ్లు ఎస్‌ఎఫ్‌వోనే అడగాలి. ఏ కాల్‌కి ఎన్నింటికి బయల్దేరాం, ఎన్నింటికి చేరాం, ఏం కాలింది అన్నీ స్టేషన్ రికార్డులో ఉంటాయి. తేదీ, టైం చెప్తే చాలు.

ఇక మీ అపార్ట్‌మెంట్‌లో మాక్ డ్రిల్ పెట్టించుకోవాలంటే కూడా ఎస్‌ఎఫ్‌వో గుమ్మమే. దీపావళి ముందు వారం మాత్రం వెళ్లకండి, పటాకుల షాపుల పర్మిషన్లతో ఆయన టేబుల్ కనపడదు. ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో అదే ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి చనిపోయిన ఫైర్ సిబ్బంది జ్ఞాపకార్థం చేస్తారు. ఆ వారం మావాళ్లు బస్తీలు, బడులు, ఆస్పత్రులు తిరిగి డ్రిల్లులు చేసి చూపిస్తారు. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఒక దరఖాస్తు, బిల్డింగ్ ప్లాన్ జిరాక్స్ జత చేసి మార్చి మొదట్లోనే ఇచ్చి, వాచ్‌రూమ్‌లో (స్టేషన్‌లో కాల్స్ తీసుకునే గదిలో) ఉన్నవాడితో రెండో కాపీ మీద సంతకం చేయించుకు రండి.